కుక్క ముందు చదివిన పిల్లాడు: గజపతి జిల్లా నుంచి ఒక కేస్ స్టడీ

ఈ కేసు గురించి తోటి టీచర్లకు చెప్పినప్పుడల్లా వాళ్ళకు కుక్క ఒక్కటే గుర్తుండిపోతోంది. "కుక్కకి చదివి వినిపించాడట, చదువు వచ్చేసిందట" అని ఊళ్ళో కూడా ప్రచారమైంది. అది విని పిల్లల్ని తీసుకొచ్చి "ఆ కుక్క ఉందా మేడం?" అని అడిగినవాళ్ళున్నారు. కుక్క వల్ల అయిన పని ఒకటుంది, దాని వల్ల కాని పని ఇంకొకటుంది. ఆ రెంటినీ విడదీసి చూడటమే ఈ కేసులో అసలు పని. అందుకే వివరంగా రాసిపెడుతున్నాను.

తల్లిదండ్రుల అనుమతి తీసుకున్నాను. పిల్లాడి ఇంటి వివరాలు, బడి, కొన్ని సందర్భాలు మార్చాను. కుక్క పేరు కూడా మార్చాను. మా వైపు పిల్లాడి కంటే దాన్ని గుర్తుపట్టేవాళ్ళే ఎక్కువ.

నేపథ్యం

నేను స్పెషల్ ఎడ్యుకేటర్‌ని. పర్లాకిమిడి చుట్టుపక్కల చదువులో వెనకబడ్డ పిల్లలతో పనిచేస్తాను. ఈ ప్రాంతం తెలియనివాళ్ళ కోసం కాస్త చెప్పాలి. 1936లో ఒడిశా వేరే రాష్ట్రంగా ఏర్పడినప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి పర్లాకిమిడి ఇటు వచ్చింది. 1992లో గజపతి జిల్లా అయింది. ఊరు దాటి కాస్త వెళ్తే పాతపట్నం, అంటే ఆంధ్ర. ఇళ్ళలో తెలుగు, ఆఫీసుల్లో ఒడియా, కొండల మీద సవర. సవర పిల్లలకు మాతృభాషలో చదువు మొదలుపెట్టే ఎంఎల్ఈ బడులు ఉన్నాయి. తెలుగు ఇళ్ళ పిల్లలు చాలామంది మాత్రం ఒకటో తరగతి నుంచే నేరుగా ఒడియాలో చదువుతారు. ఎక్కువమందికి ఏ ఇబ్బందీ ఉండదు. వీధిలో ఆడుకుంటూనే భాష పట్టేస్తారు.

ఈ బాబుకు తొమ్మిదేళ్ళు, ఒడియా మీడియంలో నాలుగో తరగతి. తండ్రికి చిన్న వ్యాపారం, పొద్దున్న వెళ్తే రాత్రికి వస్తాడు. తల్లి శ్రీకాకుళం జిల్లా ఆడపడుచు. తెలుగు బాగా చదువుతుంది, ఒడియా మాట్లాడుతుంది గానీ లిపి రాదు. ఇంట్లో అమ్మమ్మ ఉంది. మొదటి రెండేళ్ళు పిల్లాడు అమ్మమ్మగారి ఊళ్ళో ఉండి, ఆలస్యంగా ఒడియా బడికి వచ్చాడు. పైగా కోవిడ్ కాలంలో బళ్ళు మూతపడ్డప్పుడు పునాది అక్షరాలు నేర్చుకోవాల్సిన వయసు పిల్లాడిది. ఈ రెండూ కలిసి వచ్చాయి.

ఏమని తీసుకొచ్చారు

"చదవడం రాదు" అన్నాడు తండ్రి. బడి నుంచి వచ్చిన చీటీలో "మందబుద్ధి, డిస్లెక్సియా కావచ్చు" అని ఉంది. డిస్లెక్సియా అంటే తెలివి ఉన్నా చదవడం కష్టమయ్యే లోపం. తల్లి చెప్పింది వేరు: "ఇంట్లో బొమ్మల పుస్తకం పట్టుకుని కూర్చుంటాడు మేడం, పేజీలు తిప్పుతాడు, నవ్వుతాడు కూడా. చదవరా అంటే మాత్రం నోరు కట్టేసినట్టు అయిపోతాడు." ఒడియా పీరియడ్ ఉన్న రోజుల్లో పొద్దున్నే కడుపునొప్పి. డాక్టరుకు చూపించారు, ఏమీ లేదన్నాడు.

ఈ మూడు మాటల్లో నన్ను ఆపింది తల్లి మాట. అక్షరాలు రాని పిల్లాడు పుస్తకం చూసి సరైన చోట నవ్వడు. బొమ్మ చూసి నవ్వుతున్నాడేమో అనుకోవచ్చు, అది తేల్చుకోవడం సులభం.

అందుకని మొదట గట్టిగా చదివించలేదు. చిన్న చిన్న అట్టముక్కల మీద ఒడియాలో ఆజ్ఞలు రాసి ఇచ్చాను: కిటికీ తెరువు, ఎర్ర పెన్సిల్ తీసుకురా, బల్ల కింద చూడు. చదివి, మాట్లాడకుండా చేయాలి. కిటికీ తెరిచాడు. పెన్సిల్ తెచ్చాడు. సంయుక్తాక్షరాలు ఉన్న అట్టల దగ్గర మాత్రం తడబడ్డాడు, కొన్నిటికి నా మొహం చూసి ఊహించాడు. తర్వాత అవే అట్టలు పైకి చదవమంటే ఒక్కటీ చదవలేదు. పెదవులు కదిలాయి, గొంతు రాలేదు. ఫోన్‌లో రికార్డు చేసి, నేను బయటకు వెళ్ళి, ఒంటరిగా చదవమన్నా అంతే. ఫోన్ కూడా వినేదే కదా.

అంటే సమస్యలు రెండు. ఒకటి, సంయుక్తాక్షరాల్లో నిజమైన లోటు. రెండోది, ఎవరైనా వింటున్నారంటే భయం. ఇవి ఒకదాన్నొకటి పెంచుకుంటున్నాయి. పైకి చదవడు కాబట్టి ఎక్కడ తప్పుతున్నాడో ఎవరికీ తెలియదు, దిద్దేవాళ్ళు లేరు. దిద్దకపోవడం వల్ల తప్పులు ఉండిపోయాయి. తప్పులున్నాయని వాడికీ తెలుసు కాబట్టి నోరు తెరవడు.

భయం ఎక్కడ మొదలైందో క్లాసు టీచర్‌తో మాట్లాడాక తెలిసింది. తెలుగు ఇళ్ళ పిల్లలు ఒడియా చదివేటప్పుడు రెండు చోట్ల దొరికిపోతారు. ఒడియాలో 'క' అని రాసి ఉన్నది దాదాపు 'కొ' అని పలుకుతుంది, పదం చివర కూడా ఆ 'ఒ' నిలుస్తుంది. మన అలవాటు కొద్దీ 'ఘర' అంటే అక్కడ వినబడాల్సింది 'ఘొరొ'. రెండోది ఒత్తి పలికే అక్షరాలు. ఇళ్ళలో మాట్లాడే తెలుగులో భ, ఘ లాంటివి గట్టిగా పలికేది తక్కువ. వీడు రెండో తరగతిలో 'భాతొ' అనాల్సిన చోట 'బాతొ' అన్నాడు. అన్నం కాస్తా వాతరోగం అయింది. క్లాసంతా నవ్వింది. ఆ తర్వాత కొన్నాళ్ళు వాడి పేరే అది. నాలుగో తరగతికి వచ్చేసరికి పేరు మరిచారు. వీడు మాత్రం మరవలేదు.

డిస్లెక్సియా పరీక్షకు బరంపురం పంపాలా అన్నది అప్పుడు తీసుకోవాల్సిన నిర్ణయం. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాల్లో నిర్దిష్ట అభ్యసన వైకల్యాన్నీ చేర్చింది, డిస్లెక్సియా అందులోకే వస్తుంది. సర్టిఫికెట్ ఉంటే పరీక్షల్లో కొన్ని వెసులుబాట్లు వస్తాయి. అయినా పంపడం వాయిదా వేశాను. సరిగ్గా నేర్పించినా రానప్పుడు ఆ అనుమానానికి బలం. ఈ పిల్లాడికి సంయుక్తాక్షరాలు వరసగా ఎవరూ నేర్పినట్టే లేదు. పైగా మూగబోయిన పిల్లాడిని పరీక్షిస్తే వచ్చే మార్కులు భయాన్ని కొలుస్తాయి, చదువును కాదు. ముందు నేర్పి చూద్దాం, నేర్పినా కదలకపోతే పంపుదాం అని తల్లిదండ్రులకు చెప్పాను. తండ్రికి ఇది నచ్చలేదు. ఆయనకు ఏదో ఒక పేరు కావాలి, పేరుంటే మందుంటుందని నమ్మకం.

ముందు చేసినవి

మొదట జంటగా చదవడం. నేనూ వాడూ ఒకేసారి ఒకే వాక్యం పైకి చదువుతాం, నేను గొంతు తగ్గిస్తూ పోతాను. భయం ఉన్న పిల్లల్లో ఇది తరచుగా పనిచేస్తుంది, వాడి గొంతు నా గొంతులో దాక్కుంటుంది కాబట్టి. వీడు నాతో కలిసి చదివాడు. నేను ఆపగానే ఆపేసేవాడు, పదం మధ్యలో కూడా. గొంతు ఉందని, పదాలు చాలావరకు సరిగానే ఉన్నాయని తేలింది. ఒంటరిగా చదవడం వైపు మాత్రం అడుగు పడలేదు.

తర్వాత తెలుగు. ఇంటి భాషలో చదవడం వస్తే ధైర్యం వస్తుందని, అమ్మమ్మ ముందు తెలుగు కథలు చదివించాలని తల్లి కోరిక. నాకూ సబబే అనిపించింది. రెండు కారణాల వల్ల ముందుకు సాగలేదు. ఒకటి లిపి. తెలుగులో 'బంధువు' సున్నాతో రాస్తాం. ఒడియాలో 'బంధు' రాయాలంటే న, ధ కలిసిన అక్షరం కావాలి. మామిడిపండుకు 'ఆంబొ' అనడానికి మ, బ కలిసిన అక్షరం. వాడి లోటు సరిగ్గా అక్కడే, తెలుగు చదివితే ఆ లోటు తీరదు. రెండో కారణం అమ్మమ్మ. ప్రేమ కలదే గానీ, పాతకాలపు పంతులమ్మ లక్షణం. ప్రతి అక్షరానికీ "అది కాదురా, మళ్ళీ చెప్పు" అనేది. రెండు వాక్యాలకే పుస్తకం మూసేవాడు.

చిన్నాన్న కూతురు ఒకటో తరగతి చదువుతోంది, ఆ పిల్లకు చదివి వినిపించమన్నాం. చిన్నపిల్ల కాబట్టి భయం ఉండదనుకున్నాం. ఆ పిల్ల చురుకు, వీడికంటే ముందే పదం చెప్పేసేది. అది పోటీ అయింది. ఇక స్టార్ స్టిక్కర్ల గురించి ఎక్కువ రాయను. భయపడే పిల్లాడికి బహుమానం చూపిస్తే ఓడిపోవడానికి ఇంకో వస్తువు చేరుతుంది, అంతే.

వీటన్నిటిలో ఒకటి గమనించాను. వినేవాళ్ళు పెద్దా చిన్నా అన్న తేడా వాడికి లేదు. వినేవాళ్ళకు తప్పు తెలుస్తుందా లేదా అన్నదే తేడా. తప్పు పట్టలేని శ్రోత ఎవరుంటారు?

కుక్క ఆలోచన ఎక్కడిది

ఇది నా కల్పన కాదు. అమెరికాలో బోరిస్ లెవిన్సన్ అనే పిల్లల మనస్తత్వ నిపుణుడు తన కుక్క జింగిల్స్ గదిలో ఉంటే మాట్లాడని పిల్లలు మాట్లాడటం గమనించి 1960ల్లోనే రాశాడు. పిల్లలు కుక్కలకు పుస్తకాలు చదివి వినిపించే కార్యక్రమం ఒక పద్ధతిగా మొదలైంది 1999లో, యూటా రాష్ట్రంలోని సాల్ట్ లేక్ సిటీలో. ఇంటర్‌మౌంటెన్ థెరపీ యానిమల్స్ అనే సంస్థ దాన్ని ప్రారంభించింది, తర్వాత చాలా దేశాల లైబ్రరీలకు పాకింది. అంతకు ముందే 1983లో ఎరికా ఫ్రీడ్‌మన్ అనే పరిశోధకురాలి బృందం పిల్లల బీపీ కొలిచి, గదిలో స్నేహంగా ఉండే కుక్క ఉంటే ఊరికే కూర్చున్నప్పుడూ పైకి చదువుతున్నప్పుడూ బీపీ తక్కువగా ఉందని చూపించింది. ఈ పిల్లాడి కడుపునొప్పికి ఇది దగ్గరి విషయం.

ఇంకో వైపు కూడా చెప్పాలి. 2016లో ఇంగ్లండ్ పరిశోధకులు ఈ అంశం మీద వచ్చిన 48 అధ్యయనాలను కూర్చి చూశారు. ఫలితాలు ఆశాజనకంగా ఉన్నా చాలావాటి నాణ్యత తక్కువని తేల్చారు. పోల్చి చూడటానికి కుక్క లేని గుంపు లేకపోవడం, పిల్లలు మరీ కొద్దిమంది కావడం లాంటివి. కాబట్టి కుక్క చదువు నేర్పుతుందన్న ఆశతో నేను దిగలేదు. బీపీ తగ్గించగలిగితే చాలు, మిగతాది నా పని.

మా దగ్గర సర్టిఫికెట్ ఉన్న థెరపీ డాగ్, అంటే ఇలాంటి పనికి తయారుచేసిన కుక్క, దొరకదు. తెలిసిన రిటైర్డ్ రైల్వే ఉద్యోగి ఒకాయన, అందరూ మాస్టారు అంటారు, ఆయన దగ్గర ఐదారేళ్ళ ఆడకుక్క ఉంది. నాటు రకం, ఆపరేషన్ అయినది. చిట్టి అందాం. గుణుపురం ప్యాసింజర్ హారన్‌కి కూడా చెవి కదపదని ఆయన గొప్పగా చెప్పుకునేవారు. నిదానం ఒక్కటే అర్హత అయితే మా వీధి కుక్కలన్నీ మధ్యాహ్నం అర్హమైనవే. అందుకని పశువుల డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళాం. రేబిస్ టీకా ఏటా వేస్తున్నట్టు కార్డు, నట్టల మందు, పిడుదులు లేవని పరీక్ష. తర్వాత స్వభావం చూశాం. వెనక స్టీలు పళ్ళెం పడేస్తే ఉలిక్కిపడిందా, పడితే ఎంతసేపట్లో తేరుకుంది. తోక పట్టుకుంటే ఏం చేసింది. తింటున్నప్పుడు పక్కన నిలబడితే బిగుసుకుందా. పరిచయం లేని పిల్లాడు మీదకు వంగితే ఎటు జరిగింది. పళ్ళేనికి లేచి, చూసి, మళ్ళీ పడుకుంది. అన్నిటికంటే నాకు నచ్చింది, తనకు ఇష్టం లేనప్పుడు మొరగకుండా, మూలగకుండా లేచి వెళ్ళిపోవడం. వెళ్ళిపోగలిగిన కుక్క కరవాల్సిన పరిస్థితి దాకా రాదు. తలుపు ఎప్పుడూ తెరిచే ఉంచాలన్న నియమం అక్కడే పెట్టుకున్నాం.

ఇంట్లో ఒప్పించడం కష్టమైంది. "ఏటమ్మా ఇది, కుక్కకి చదివితే గుంటడికి చదువొస్తాదా?" అంది అమ్మమ్మ. ఆ ప్రశ్నకు "రాదండీ, నోరు వస్తుంది" అన్నాను. తండ్రి భయం వేరు. ఆ మధ్యే వాళ్ళ వీధిలో ఒకరిని కుక్క కరిచింది. ఆయన భయాన్ని తీసిపారేయలేదు. రేబిస్ వచ్చాక బతకడం దాదాపు ఉండదు. గోరు గీసుకున్నా పంటి గాటు పడినా వెంటనే సబ్బుతో పారే నీళ్ళ కింద పదిహేను నిమిషాలు కడగాలి, ఆసుపత్రికి వెళ్ళి డాక్టరు చెప్పిన రోజుల్లో (చర్మంలోకి వేసే టీకా అయితే 0, 3, 7, 28) టీకా వేయించుకోవాలి. కుక్కకు టీకా ఉందన్న ధైర్యంతో ఇది మానకూడదు. ఇదంతా కాగితం మీద రాసి ఆయన చేతికిచ్చాను. ఆ కాగితం చూశాకే ఒప్పుకున్నాడు. పిల్లాడికి కుక్క వెంట్రుకలు పడవేమోనని, ఆయాసం ఏమైనా ఉందేమోనని కూడా డాక్టరును అడిగి తెలుసుకున్నాం.

చిట్టి ముందు

దసరా సెలవుల తర్వాత మొదలుపెట్టాం. చాప, ఒక చివర చిట్టి, దాని పక్కన మాస్టారు, ఇంకో చివర పిల్లాడు. నేను కాస్త వెనక. మొదట్లో పుస్తకం ఇవ్వలేదు. వాడు దాని చెవులు నిమిరాడు, కబుర్లు చెప్పాడు, తెలుగులోనే.

పుస్తకం వచ్చాక మొదటి ఇబ్బంది ఎదురైంది. వాడు గొణుగుతూ చదవడం మొదలుపెట్టాడు. అది చాలా పెద్ద విషయం, మేమెవ్వరం కదల్లేదు. రెండో పేజీలో చిట్టి లేచి, ఒళ్ళు విరుచుకుని, బయటకు వెళ్ళిపోయింది. పిల్లాడు పుస్తకం మూసి, "నేను బాగా చదవలేదనా?" అన్నాడు.

తప్పు పట్టని శ్రోత అని తెచ్చుకున్న కుక్క కూడా వాడి కంటికి తీర్పు చెప్పేసింది. ఇక్కడ దాన్ని కట్టేస్తే పని సులభమయ్యేది. కట్టలేదు. అది వెళ్ళిపోగలగడమే మా భద్రత. బదులుగా రెండు మార్చాం. చిట్టిని ముందు షికారు తిప్పి, తిండి పెట్టి, పడుకునే వేళకు చదువు పెట్టాం. కుక్క ఎందుకు లేస్తుందో వాడికే నేర్పాం. ఆవలించడం, మూతి నాక్కోవడం, తల పక్కకు తిప్పడం కనబడితే అది అలసిపోతోందని అర్థం. అప్పుడు "ఇవాళ్టికి చాలు చిట్టీ" అని నువ్వే ఆపాలి అన్నాం. దాంతో కథ తిరగబడింది. చదువు ఆపే అధికారం వాడి చేతికి వచ్చింది. చిట్టిని చూసుకునే బాధ్యత వాడిదైంది, తనను ఎవరో చూస్తున్నారన్న ఆలోచన వెనక్కి వెళ్ళింది. ఒక్కోసారి ఇరవై నిమిషాలు దాటనివ్వకూడదన్నది మాస్టారికీ నాకూ ఒప్పందం. వాడు ఇంకా చదువుతానన్నా సరే.

ఇంకో పద్ధతి ఆ అమెరికా కార్యక్రమాల నుంచే తీసుకున్నాం, పెద్దవాళ్ళు అడగాల్సింది కుక్క తరఫున అడగడం. మాస్టారు దీనిలో ఆరితేరిపోయారు. "చిట్టికి ఈ గ్రామొ అంటే ఏమిటో తెలీదట, కాస్త చెప్పవూ" అనేవారు. తప్పు చదివాడని అనరు, దానికి అర్థం కాలేదంటారు. పిల్లాడు విసుక్కుని, వెనక్కి వెళ్ళి, మళ్ళీ చదివి, దానికి తెలుగులో అర్థం చెప్పేవాడు. పదం తెలియని కుక్క ముందు వాడు మాస్టారు అయిపోయాడు.

కొన్ని వారాలకు గొంతు పెరిగింది. సులభమైన కథ ఆగకుండా చదువుతున్నాడు. తల్లి గుమ్మం బయట నిలబడి విని కళ్ళు తుడుచుకుంది. తండ్రి అందరికీ ఫోన్లు చేశాడు. ఊళ్ళో ప్రచారం అప్పుడే మొదలైంది.

కుక్క వల్ల కానిది

ఇక్కడితో కేసు అయిపోయిందనుకుంటే అసలు సంగతి తప్పిపోతుంది. వెనక కూర్చుని నేను వాడు చదివేది పదం పదం గుర్తుపెట్టుకుంటున్నాను. సులభమైన పదాల్లో వేగం బాగా పెరిగింది. సంయుక్తాక్షరాలు మొదటి రోజు ఎక్కడున్నాయో అక్కడే ఉన్నాయి. పైగా వాటిని దాటేయడంలో నేర్పు వచ్చింది. 'ఆంబొ' దగ్గర బొమ్మ చూసి ఊహించేవాడు. బొమ్మ లేకపోతే మొదటి అక్షరం పట్టుకుని ఏదో ఒక పదం పెట్టేవాడు. చిట్టి ఏమీ అనదు. తప్పు పట్టని శ్రోత ఎంత మేలో అంత చేటు కూడా. తప్పు చదివినా హాయిగా ముందుకు పోవచ్చు.

చిట్టి ముందు దిద్దితే? దిద్దకూడదని నిర్ణయించాను. ఆ చాప మీద ఒక్కసారి "అది కాదు" అన్న మాట వినబడితే ఆ చోటు కూడా క్లాసు అవుతుంది. అలాగని దిద్దకుండా వదిలేస్తే ఏడాది తర్వాత ధైర్యంగా తప్పు చదివే పిల్లాడు తయారవుతాడు.

పనిని రెండు చోట్లకు విడగొట్టాం. ముందు బల్ల దగ్గర, చిట్టి లేకుండా, నాతో కొద్దిసేపు. సంయుక్తాక్షరాలను ఒడియా పుస్తకం వరసలో కాకుండా, వాడి నోట్లో ఇప్పటికే ఉన్న మాటల నుంచి తీశాను. 'పాంచొ' వాడికి రోజూ వినబడే మాట, కొట్లో ఐదు రూపాయలంటే అదే కదా. ఆ ఞ్చ అక్షరం ఎలా ఉంటుందో విడగొట్టి, రెండు భాగాలు రెండు రంగుల్లో రాసి, మళ్ళీ కలిపి. ఒడియాలో కొన్ని కలిసిన అక్షరాలు వాటి భాగాలతో పోలికే లేకుండా మారిపోతాయి, వాటికి మాత్రం బొమ్మలా గుర్తుపెట్టుకోవడమే మార్గం. మన తెలుగులో కూడా త, మ, య లాంటి వత్తులకూ అసలు అక్షరాలకూ పోలిక ఉండదు. ఆ సంగతి తల్లికి చెప్తే ఆవిడకు కొడుకు కష్టం ఏమిటో మొదటిసారి అర్థమైంది. ఇక్కడ దిద్దుబాటు ఉంటుంది, వాడికీ తెలుసు. తర్వాత చాప మీదకు వెళ్ళి, అవే అక్షరాలు అక్కడక్కడా వచ్చేలా నేను రాసిన చిన్న పేజీ చిట్టికి చదువుతాడు. అక్కడ దిద్దుబాటు ఉండదు. తప్పితే నేను మనసులో రాసుకుంటాను, మర్నాడు బల్ల దగ్గర అది వస్తుంది.

వాడు ఆ పేజీని బల్ల దగ్గర ముందే చూసుకోవడం మొదలుపెట్టాడు. చిట్టికి తప్పు చెప్పకూడదట. నేను చెప్పించాలనుకున్న మాట వాడి నోటే వచ్చింది. భ, ఘల సంగతి కూడా బల్ల దగ్గరే పెట్టాం. అరచేయి నోటి ముందు పెట్టుకుని గాలి తగిలిందా అని చూసుకోవడం. చివరికి 'భాతొ' అనే మాట పెట్టాను, ఎదురుచూడకుండా. పలికాడు. పలికి నవ్వాడు. దాని గురించి ఇద్దరం ఏమీ మాట్లాడుకోలేదు.

బడి వైపు

చిట్టిని బడికి తీసుకురమ్మని ఒక టీచర్ ఉత్సాహపడ్డారు, హెడ్మాస్టర్ వద్దన్నారు. నేను హెడ్మాస్టర్ వైపే. మధ్యాహ్న భోజనం వేళ, వంద మంది పిల్లలు, అందరికీ ముట్టుకోవాలని ఉంటుంది. ఏ కుక్కకూ అది న్యాయం కాదు. చదివేది కుక్క లేనిచోట కూడా చదవగలగాలి, అదే అసలు లక్ష్యం కూడా.

చాప మీద శ్రోతల్ని ఒక్కొక్కరిగా పెంచాం. మొదట తల్లి గుమ్మం లోపలికి వచ్చింది. తర్వాత అమ్మమ్మ, నోరెత్తకూడదన్న షరతు మీద. ఆవిడ పెదవులు బిగించుకుని కూర్చోవడం చూడాలి. తర్వాత వాడి స్నేహితులిద్దరు చిట్టికి తామూ చదువుతామని వచ్చారు. వాళ్ళూ తప్పులు చదివారు. మిగతావాళ్ళు కూడా తప్పులు చదువుతారని వాడు విన్నది బహుశా అప్పుడే మొదలు. ఎండలు ముదిరి మార్నింగ్ స్కూళ్ళు వచ్చేనాటికి చిట్టిని తెల్లవారుజామునే తేవాల్సి వచ్చింది, కొన్నాళ్ళకు తేవడం తగ్గించాం. చాప ఉంది, పుస్తకం ఉంది, చిట్టి లేదు. చదివాడు.

క్లాసులో మాత్రం చేయాల్సింది టీచర్ చేశారు. ఆవిడను రెండే అడిగాను: పేజీ ముందు రోజే చెప్పండి, హఠాత్తుగా లేపి చదివించకండి. ఆవిడ ఇంకోటి తనంతట తాను చేశారు, వారానికోసారి ఒకటో తరగతి పిల్లలకు కథ చదివే పని వీడికిచ్చారు. చిన్నాన్న కూతురిలాంటి చురుకైన వాళ్ళు కాకుండా ఇంకా అక్షరాలే దిద్దుతున్నవాళ్ళకు. వాళ్ళకు తప్పు తెలియదు, కథ ఆగితే మాత్రం ఊరుకోరు. నా దృష్టిలో చిట్టి కంటే ఈ ఏర్పాటే ఎక్కువ కాలం పనిచేసింది.

ఇంకో సంగతి రాయకపోతే ఈ కేసు చదివినవాళ్ళకు ప్రమాదం. చిట్టి అలవాటయ్యాక పిల్లాడు వీధిలో పడుకున్న కుక్క దగ్గరకు వెళ్ళి చెయ్యి చాపాడు. తల్లి చూసి కేక పెట్టింది, ఏమీ కాలేదు. ఆ రోజు నుంచి చిట్టి పాఠాల్లో ఇది కూడా భాగమైంది: మాస్టారి చేతిలో ఉన్న చిట్టి వేరు, వీధి కుక్క వేరు, యజమానిని అడగకుండా ఏ కుక్కనూ ముట్టుకోకూడదు, తింటున్న కుక్క, నిద్రపోతున్న కుక్క, పిల్లలున్న తల్లి కుక్క దగ్గరకు అసలే వద్దు. ఇలాంటి పని మొదలుపెట్టేవాళ్ళు ఈ పాఠం మొదటి రోజే చెప్పాలి.

ఇప్పుడు ఎలా ఉంది

చిన్న తరగతుల్లో చదవడం, లెక్కలు గట్టిపరచే కేంద్ర పథకం నిపుణ్ భారత్ లక్ష్యం ప్రకారం రెండో తరగతి చివరికి పిల్లలు నిమిషానికి 45 నుంచి 60 పదాలు అర్థం చేసుకుంటూ చదవాలి. మా పిల్లాడు నాలుగో తరగతి చివరికి మూడో తరగతి పుస్తకం ఆ వేగంతో చదవగలిగాడు. తన తరగతి పుస్తకంలో ఇంకా నెమ్మది, అరుదైన సంయుక్తాక్షరాల దగ్గర ఆగుతాడు. ఆగి, విడగొట్టి, చదువుతాడు. దాటేయడం తగ్గింది. కడుపునొప్పి పోయింది. 'ఒ' పలకడంలో తెలుగు వాసన ఇంకా ఉంది, దాన్ని నేను ముట్టుకోలేదు.

నేర్పితే కదిలాడు కాబట్టి డిస్లెక్సియా పరీక్షకు పంపలేదు. ఐదో తరగతిలో పాఠాలు పొడవవుతాయి, అప్పుడు వేగం మళ్ళీ నిలిచిపోతే పంపుదామని తండ్రితో అనుకున్నాం. ఈసారి ఆయన ఒప్పుకున్నాడు.

ఆ తర్వాత కాశీనగర్ వైపు నుంచి ఒక కుటుంబం ఎనిమిదేళ్ళ పాపను తీసుకొచ్చింది, "కుక్క క్లాసు" కావాలని. అట్టముక్కల పరీక్ష పెట్టాను. పాపకు గొంతు ఖంగుమంటుంది, భయం ఏ కోశానా లేదు, కానీ గుణింతాలే సగం రావు. ఆ పాపకు చిట్టితో పనిలేదు, రోజూ కాసేపు బల్ల దగ్గర కూర్చుంటే చాలని చెప్పాను. వాళ్ళు కాస్త నిరాశగానే ఒప్పుకున్నారు. గుణింతాలు మొదలుపెట్టాం.